'ఇదే సరికొత్తది' అంటే నమ్మేయకండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరికీ పేరుపేరునా చెప్పాలి, కానీ నాకిచ్చిందే పది నిమిషాలు, అందులో మూడు ప్రొజెక్టర్ తినేసింది. ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్‌లో కొత్త గిట్, అంటే కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్, ఎలా వేసుకోవాలో చెప్పమన్నారు. మూడు కమాండ్ల పని, చెప్తాను. ముందు నా బాధ వినండి.

2019 చివర్లో ఒక ట్రైనింగ్‌కి వెళ్లాను. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 18.04. బ్రాంచ్, అంటే కోడ్‌లో ఒక పాయ నుంచి ఇంకో పాయకి, మారడానికి 'గిట్ స్విచ్' కొట్టమన్నారు, కొట్టాను, అసలు అది గిట్ కమాండే కాదు పొమ్మంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. "నాలుగక్షరాలు సరిగ్గా టైప్ చేయలేవా?" అన్నారు సార్, అందరి ముందూ. వెర్షన్ ఎంత అని ఆయన అడగలేదు. అడగాలని నాకూ తెలియదు.

రాత్రి రూముకొచ్చి ఆప్ట్‌తో, అంటే ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే కమాండ్‌తో, గిట్ మళ్లీ వేయబోతే 'ఇప్పటికే సరికొత్తది ఉంది' అంది. అబద్ధమేం కాదండీ. కిరాణా కొట్టాయన కొత్త సరుకు అంటే తన కొట్లో ఉన్నవాటిలో కొత్తదనే కదా. ఉబుంటు ఎల్‌టీఎస్, అంటే ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్, విడుదలయ్యేనాటికి ఉన్న గిట్‌నే పట్టుకుని కూర్చుంటుంది, భద్రతా లోపాలకి మాత్రం ప్యాచ్‌లు వేస్తుంది. సర్వర్లు నడిపేవాళ్లకి కావలసిందీ అదే, తప్పు పట్టను. నా 18.04 కూడా ఎల్‌టీఎస్సే, అందులో ఉన్నది గిట్ 2.17. స్విచ్ వచ్చింది 2019 ఆగస్టులో, 2.23తో. అంటే నా స్పెల్లింగ్ కరెక్టే! ఈ మాట ఆ సార్‌కి ఇప్పటికీ చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నా.

సరే, పంతం పట్టి గిట్ సోర్స్ కోడ్ తెచ్చి కంపైల్ చేశాను, అంటే ఆ కోడ్ నుంచి ప్రోగ్రామ్ నేనే తయారు చేసుకున్నాను. వెర్షన్ అడిగితే మళ్లీ 2.17! ఇంకోసారి చేశాను, అదే. తెల్లవారుజామున కరెంటు పోయింది, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ కదా, అదీ పోయింది. కరెంటొచ్చాక ఆన్ చేస్తే 2.24. అప్పుడు తెలిసింది, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచే ఉంది కాబట్టి పాత గిట్ దారినే గుర్తుపెట్టుకుని అక్కడికే పోతోందని. టెర్మినల్ మూసి తెరిచినా సరిపోయేది.

మీకంత అవస్థ వద్దు. తెర మీద చూడండి, యాడ్-ఆప్ట్-రిపాజిటరీతో గిట్-కోర్ పీపీఏ కలపడం, ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్. ప్రతి కమాండ్ ముందు సుడో, అంటే అడ్మిన్ అధికారంతో నడపమనే మాట, మర్చిపోకండి. పీపీఏ అంటే బయటి కొట్టు, మీ సిస్టమ్ తాళాలు ఇస్తున్నట్టే, కాబట్టి ఆఫీసు మెషీన్ అయితే అడగకుండా కలపొద్దు. 24.04 ఉన్నవాళ్లకి ఎలాగూ 2.43 వచ్చేసింది, చాలామందికి అది చాలు. మ్యాక్ వాళ్లు హోమ్‌బ్రూతో (మ్యాక్‌కి ఆప్ట్ లాంటిది) వేసుకున్నా యాపిల్ ఇచ్చిన గిట్టే పలుకుతుంటే, ఏ దారిలోని గిట్ నడుస్తోందో 'విచ్ గిట్' కొట్టి చూసుకోండి, నా కథే.

ఇప్పుడందరూ 'git --version' కొట్టి మీ గిట్ వెర్షన్ చూడండి. ఎవరికి ఎంత తక్కువొచ్చినా పక్కవాళ్లు నవ్వకూడదు. వెనకాల నీలం చొక్కా బాబూ, ఏమొచ్చింది? పర్లేదు, ల్యాప్‌టాప్ తీసుకుని ఇటు రా, నీ దాంట్లోనే చేద్దాం. ఛార్జర్ కూడా తెచ్చుకో.