ఐ-లీగ్ గెలిస్తే ఏమొస్తుంది?

అందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ గురించి ఎవరు మైకు పట్టుకున్నా పాతతరం కోచ్ రహీం సాబ్‌తో మొదలుపెట్టి రహీం సాబ్‌తోనే ముగిస్తారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలవడం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలవడం, 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారం, ఇవన్నీ ఇక్కడ కూర్చున్న పెద్దలకు నాకంటే బాగా తెలుసు. ఈ సాయంత్రం వాటి జోలికి వెళ్లను. మన కళ్ల ముందే జరుగుతున్నా మనం పెద్దగా పట్టించుకోని ఒక సంగతి చెబుతాను. నేను చెప్పబోయే ఏళ్లలో దేశంలో రెండో అంచె లీగ్ ఐ-లీగ్. అందులో గెలిచిన జట్టు పై లీగ్‌కు, అంటే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)కు వెళ్లాలి. వెళ్తోందా, వెళ్తే ఏమవుతోంది, అందులో మన ఊరికి ఏం దక్కింది, అదీ విషయం.

2024-25 ఐ-లీగ్ ఎవరు గెలిచారు? ఆఖరి రోజు మ్యాచ్‌లు 2025 ఏప్రిల్ 6న అయిపోయాయి. జవాబు తెలిసింది జూలై 18న. అదీ స్విట్జర్లాండ్ నుంచి.

ఆ ఏప్రిల్ 6 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అలాంటి రోజు ఏ లీగ్‌కైనా అరుదు. 12 జట్లు, ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లు. 21 అయ్యేసరికి నాలుగు జట్లకు ఇంకా టైటిల్ ఆశ ఉంది. గోవా క్లబ్ చర్చిల్ బ్రదర్స్‌కు 39 పాయింట్లు, గోకులం కేరళకు 37, రియల్ కశ్మీర్‌కు, ఇంటర్ కాశీకి చెరో 36. చర్చిల్ శ్రీనగర్‌లో రియల్ కశ్మీర్‌తోనే ఆడాలి. గోకులం కోళికోడ్‌లో, సొంత ప్రేక్షకుల ముందు, గోవాకే చెందిన డెంపోతో. ఐదుసార్లు జాతీయ చాంపియన్ అయిన డెంపో అంతకుముందు కింది డివిజన్‌లో ఆడి, ఆ సీజన్‌కే ఐ-లీగ్‌కు తిరిగొచ్చింది. గోకులం గెలిచి ఉంటే కథ వేరేగా ఉండేది. ఏడు గోల్స్ పడిన ఆ మ్యాచ్‌లో గోకులం 3-4తో ఓడింది. శ్రీనగర్‌లో 1-1 డ్రా. ఇంటర్ కాశీ 3-1తో రాజస్థాన్ యునైటెడ్‌ను ఓడించింది. పట్టికలో చర్చిల్ 40, ఇంటర్ కాశీ 39.

అయినా ఆ రాత్రి చర్చిల్‌ను చాంపియన్ అనలేకపోయారు. ఎందుకంటే జనవరిలో జరిగిన ఒక మ్యాచ్ ఏప్రిల్‌లో కూడా పూర్తి కాలేదు. జనవరి 13న నామ్‌ధారి జట్టు ఇంటర్ కాశీని 2-0తో ఓడించింది. కానీ ఎల్లో కార్డుల లెక్క ప్రకారం ఆ రోజు బయట కూర్చోవాల్సిన ఒక విదేశీ ఆటగాణ్ని నామ్‌ధారి ఆడించిందని ఇంటర్ కాశీ ఫిర్యాదు చేసింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ కమిటీ అది నిజమేనని తేల్చి మూడు పాయింట్లు కాశీకి ఇచ్చింది. నామ్‌ధారి అప్పీల్‌కు వెళ్లింది. అప్పీల్ కమిటీ ఏప్రిల్‌లో ఆ తీర్పును తిరగేసింది. చర్చిల్ చాంపియన్ అయింది.

ఇంటర్ కాశీ ఊరుకోలేదు. లోసాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకు వెళ్లింది. అందరూ కాస్ అని పిలిచేది దాన్నే. జూన్‌లో ఆ కోర్టు నామ్‌ధారి మ్యాచ్ పాయింట్లు కాశీవేనంది. లెక్క 42కు చేరింది. అయిపోయిందనుకుంటే అదీ కాదు. ఈలోపు ఇంకో పేచీ. ఒక స్పెయిన్ ఆటగాణ్ని జాబితాలోంచి తీసేసి, అదే సీజన్‌లో మళ్లీ నమోదు చేసుకోవడం నిబంధనలకు విరుద్ధమని మిగతా క్లబ్‌లు ఇంటర్ కాశీ మీద ఫిర్యాదు చేశాయి. ఇక్కడి అప్పీల్ కమిటీ వాళ్ల మాట విన్నది. కాస్ వినలేదు. జూలై 18న ఇంటర్ కాశీయే చాంపియన్ అని తీర్పు వచ్చింది.

ఈ మొత్తంలో నా అభిప్రాయం అడిగితే, కాశీకి దక్కాల్సిందే దక్కింది. అయితే చర్చిల్ ఆటగాళ్ల సంగతేంటి? మీరే విజేతలు అని సొంత సమాఖ్య చెప్పిన మూడు నెలల తర్వాత, కాదట అని పేపర్లో చదువుకోవాల్సి వచ్చింది. ఒక ఆటగాడు సస్పెన్షన్‌లో ఉన్నాడా లేడా అన్నది మ్యాచ్ ముందురోజు సాయంత్రమే తేలాల్సిన విషయం. ఆ చిన్న లెక్క మన దగ్గర తేలక ఆల్ప్స్ దాకా పోయింది.

కప్పు కోసమే అయితే ఇన్ని కోర్టులు ఎక్కేవారు కాదు. పై లీగ్‌లో చోటు కోసం ఎక్కారు. ఆ చోటుకు దారి కూడా ఈ మధ్య తెరుచుకున్నదే. 2007లో ఐ-లీగ్ మొదలైనప్పుడు అదే దేశంలో అన్నిటికంటే పై అంచె లీగ్. 2014లో ఐఎస్ఎల్ వచ్చింది, డబ్బుతో, టీవీతో, సినిమా తారలతో. కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య కూర్చోబెట్టి ఒక ప్రణాళిక గీసింది: 2022-23 నుంచి ఐ-లీగ్ విజేత ఐఎస్ఎల్‌కు వెళ్తుంది, ఫ్రాంచైజీ రుసుము కట్టనక్కర్లేదు.

దానికి ముందు గెలిచినవాళ్ల సంగతి చూడండి. ఐజ్వాల్ 2015-16లో దిగువకు పడిపోయింది. గోవా క్లబ్‌లు తప్పుకోవడంతో మళ్లీ చోటు దొరికింది. మరుసటి ఏడాదే, 2016-17లో, ఖాలిద్ జమీల్ శిక్షణలో చాంపియన్ అయింది. మిజోరం రాజధాని నుంచి ఒక చిన్న క్లబ్ కోల్‌కతా దిగ్గజాలను దాటి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. దానికి దొరికిన బహుమతి ఏమిటి? ఏమీ లేదు. ఐఎస్ఎల్‌ తలుపు తెరుచుకోలేదు. గోకులం 2020-21, 2021-22 రెండు సీజన్లూ వరుసగా గెలిచింది. ఒక్క ఏడాది ఆలస్యంగా గెలిచి ఉంటే పైకి వెళ్లేది. కోళికోడ్ అభిమానులు డెంపో చేతిలో ఓటమి గురించి ఎందుకంత బాధపడ్డారో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

ఇక మన ఊరు.

శ్రీనిధి క్లబ్ విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లో అడుగుపెట్టే అవకాశం తెచ్చుకుంది. 2021-22లో వచ్చింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ బెంగాల్లో బబుల్‌లో జరిగింది, విశాఖలో ఒక్క మ్యాచ్ కూడా పడలేదు. తర్వాత శ్రీనిధి డెక్కన్ అన్న పేరుతో హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాయే ఇల్లయింది. విశాఖ మిత్రులు ఎవరైనా ఉంటే మీ కోపం న్యాయమైనదే.

మొదటి సీజన్‌లోనే మూడో స్థానం. 2022-23లో, అంటే తలుపు తెరిచిన మొట్టమొదటి ఏడాది, రెండో స్థానం. పంజాబ్ గెలిచి పైకి వెళ్లింది. 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఈసారి మొహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్లింది. 24 మ్యాచ్‌ల తర్వాత తేడా నాలుగు పాయింట్లు. కార్లోస్ వాజ్ పింటో కోచింగ్, కొలంబియా ఫార్వర్డ్ కాస్టనేడా గోల్స్, అన్నీ ఉన్నాయి. కానీ ఐ-లీగ్‌లో రెండో స్థానానికి ప్లేఆఫ్, అంటే పైకి వెళ్లేందుకు ఇంకో అవకాశమిచ్చే మ్యాచ్, లేదు. ఇంగ్లండ్‌లో రెండో డివిజన్‌లో మూడు నుంచి ఆరు స్థానాలవాళ్లకు కూడా ప్లేఆఫ్‌లో ఒక అవకాశం ఉంటుంది. ఇక్కడ ఒక్కడే పైకి వెళ్తాడు, మిగతావాళ్లు మళ్లీ ఐజ్వాల్ విమానం, షిల్లాంగ్ చలి, శ్రీనగర్ కృత్రిమ పచ్చిక, అన్నీ మొదటి నుంచి.

2024 ఏప్రిల్ 6న మొహమ్మడన్ షిల్లాంగ్‌లో 2-1తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకున్నప్పుడు, శ్రీనిధిని అభిమానించే నాలాంటివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. 1934 నుంచి 1938 దాకా ఐదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన క్లబ్ అది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఐఎస్ఎల్‌లోకి మైదానం బయటి దారిలో వెళ్లాయి. ఇది ఆడి వెళ్లింది.

అదే సమయంలో మన ఊళ్లో ఇంకో కథ నడిచింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. ఏ లీగ్‌లోనూ గెలిచి ఎక్కలేదు, పుణె క్లబ్ ఖాళీ చేసిన చోటు తీసుకుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. మనోలో మార్క్వెజ్ కట్టిన ఆ జట్టు ఆట చూడ్డానికి నిజంగా బాగుండేది. రెండేళ్లు తిరగకుండానే డబ్బు కష్టాలతో పట్టిక అడుగుకు జారింది, యాజమాన్యం మారింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నగరంలో రెండు క్లబ్‌లు. ఒకటి రెండుసార్లు ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. ఇంకొకటి పైమెట్టు మీదే పుట్టి, ఆ మెట్టును సంచిలో పెట్టుకుని వేరే ఊరికి పోయింది. ఆడి సంపాదించిన చోటు ఆ ఊరిదవుతుంది. కొన్న చోటు కొన్నవాడిది, అతను దాన్ని ఎక్కడికైనా తీసుకుపోగలడు. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలతో కూర్చున్న పిల్లలను ఎవరూ అడగలేదు.

సరే, పైకి వెళ్లినవాళ్లు ఎలా ఉన్నారు? పంజాబ్ మొదటి ఏడాది ఎనిమిదో స్థానంలో నిలిచి నిలదొక్కుకుంది. కానీ సొంత రాష్ట్రంలో తగిన మైదానం దొరక్క ఢిల్లీలో ఆడింది. మొహమ్మడన్‌కు 2024-25లో ఆఖరి స్థానం. జీతాలు అందలేదని ఆటగాళ్లు ప్రాక్టీస్ మానేసిన వార్తలూ చదివాం. ఐ-లీగ్ ఖర్చుకూ ఐఎస్ఎల్ ఖర్చుకూ పొంతన లేదు. రుసుము మాఫీ చేసినంత మాత్రాన ఆ భారం తీరదు.

అయినా ఆ సీజన్ తర్వాత మొహమ్మడన్ కిందికి రాలేదు, ఎందుకంటే ఐఎస్ఎల్ నుంచి కిందికి దిగే ఏర్పాటే అప్పటికి అమలు కాలేదు. 2019 ప్రణాళికలో 2024-25 నుంచి అని రాసుకున్నారు, రాసుకున్నారంతే. ఫలితంగా ఎక్కేవాళ్లే తప్ప దిగేవాళ్లు లేని బస్సులా 11 జట్లు 12 అయ్యాయి, 13 అయ్యాయి, ఇంటర్ కాశీతో 14 అయ్యాయి. అదే ఐ-లీగ్‌లో చూడండి: ఎస్‌సీ బెంగళూరు దాని కింది అంచె ఐ-లీగ్ 2 గెలిచి 2024-25లో పైకొచ్చింది, ఒక్క సీజన్‌లోనే ఢిల్లీ ఎఫ్‌సీతో పాటు కిందికి పడింది. దిగే భయం పేదవాళ్లకేనన్నమాట. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చనిది ఇదే. దిగడం ఉంటే పెట్టుబడిదారులు రారని వాదిస్తారు. దిగడం లేకుండా ఇన్నేళ్లు నడిపితే వచ్చినవాళ్లు ఎంతకాలం నిలిచారో గచ్చిబౌలి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఇంటర్ కాశీ సంగతి చెప్పి ఆపేస్తాను. 2023లో పుట్టిన క్లబ్. పేరు వారాణసిది, ఐ-లీగ్‌లో సొంత మ్యాచ్‌లు ఆడింది బెంగాల్లోని కల్యాణిలో. జూలైలో టైటిల్ ఖాయమైంది, ఎక్కాల్సిన లీగ్ మాత్రం కనపడలేదు. సమాఖ్యకూ ఐఎస్ఎల్ నిర్వాహకులకూ మధ్య 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియాల్సి ఉంది, కొత్తది అప్పటికి కుదరలేదు. మామూలుగా సెప్టెంబరులో మొదలయ్యే సీజన్ 2026 ఫిబ్రవరికి గానీ మొదలవలేదు. అదీ కుదించి, ఒక్కో జట్టుకు 13 మ్యాచ్‌లతో. కోర్టులో గెలవడానికి మూడు నెలలు, ఆడటానికి ఇంకో ఏడు నెలలు.

నా మాటలు అయిపోయాయి, ఇక ప్రశ్నలు అడగండి. రెలిగేషన్, అంటే ఈ కిందికి దిగడం మీద ఎంతసేపైనా వాదిస్తాను. శ్రీనిధి గురించి మాత్రం పక్షపాతం లేకుండా మాట్లాడతానని మాట ఇవ్వలేను.