అయోవాలో మా పల్లె మంచినీళ్లు: కాచినా పోనిది ఒకటుంది

నమస్తే అండీ! ఈరోజు మిమ్మల్ని మా ఊరి పంపుహౌసుకు తీసుకువెళ్తున్నాను. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలున్న చిన్న పల్లె మాది. రెండు బోర్లు, ఒక క్లోరిన్ గది, అల్లంత దూరాన కనిపించే ఆ ఎత్తైన ట్యాంకు. వీటన్నింటినీ చూసుకునేది లైసెన్సు ఉన్న ఒక్క పెద్దాయన.

ట్యాంకు అంత ఎత్తున ఎందుకంటే, 100 అడుగుల ఎత్తులోని నీరు కింద ప్రతి చదరపు అంగుళంపై సుమారు 43 పౌన్ల ఒత్తిడి తెస్తుంది. కరెంటు పోయినా కుళాయి ఆగదు. అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి: పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే, ఎక్కడైనా చిన్న బీట పడినా నీరు బయటికి వస్తుందే తప్ప మురుగు లోపలికి రాదు. మన తెలుగు ఊళ్లలో నీళ్లు గంటసేపు వదిలి కట్టేసినప్పుడు ఆ ఖాళీ పైపుల్లోకి ఏం చేరుతుందో తలచుకుంటే నాకు గుబులు.

ఇదిగో, క్రిముల పరీక్షకు నీళ్లు పట్టే ఈ సీసాను దగ్గరగా చూడండి. అడుగున చిటికెడు తెల్లటి పొడి ఉంది కదా? సోడియం థయోసల్ఫేట్. పెద్దాయన కుళాయిని కొన్ని నిమిషాలు పారనిచ్చి, సీసాను కడగకుండా 100 మిల్లీలీటర్ల గీత దాకా పట్టారు. నీటిలోని క్లోరిన్ ల్యాబుకు వెళ్లే దారిలో కూడా సూక్ష్మక్రిములను చంపుతూనే ఉంటుంది. అప్పుడు చెడ్డ నీళ్లు కూడా మంచివిగా తేలతాయి. ఈ పొడి క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. నమూనా తీసిన 30 గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టాలి. ఎంత జాగ్రత్తో చూశారా!

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే సంగతి నైట్రేట్. చేలలో వేసిన నత్రజని ఎరువు నైట్రేట్‌గా మారి, వానలకు భూమిలోకి ఇంకి, లోతు తక్కువ బోర్లలోకి చేరుతుంది. అమెరికాలో దీనికి పరిమితి, నైట్రేట్‌లోని నత్రజని లెక్కన, లీటరుకు 10 మిల్లీగ్రాములు. అది దాటిన నీళ్లతో పాలపొడి కలిపి పడితే నెలల పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి, ఒళ్లు నీలంగా మారవచ్చు. మన ఇళ్లలో పాపాయికి నీళ్లంటే ముందు కాచి చల్లారుస్తాం. కాస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని మోతాదు ఇంకా పెరుగుతుంది! దయచేసి ఈ మాట మీ ఇంట్లో అమ్మలకు, అమ్మమ్మలకు చెప్పండి.

నల్గొండ ఫ్లోరైడ్ సంగతీ అంతే. దాన్ని ఎంత కాచినా లాభం లేదు. అందుకే నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్.

ఇక్కడ 25 మందికి ఏడాది పొడవునా నీళ్లిచ్చే చిన్న పథకమైనా సరే, పరీక్షల ఫలితాలను ఏటా జూలై 1లోపు జనం ముందు పెట్టాల్సిందే. మన దగ్గర జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడడం నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: మన ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గరుంది, నైట్రేట్ ఎంత, ఫ్లోరైడ్ ఎంత?