అవ్వ ట్రంకు పెట్టె, గుడిమల్లం ఇటుక

(తెరపై: తుప్పు పట్టిన ఇనుప ట్రంకు పెట్టె)

నమస్కారం. విదేశాల్లో మామూలు జనం కూడా పురావస్తు తవ్వకాల్లో చెయ్యి వేస్తారని పోయిన వారం చెప్పాను. అప్పటి నుంచి తిరుపతిలో కనబడిన ప్రతివారిదీ ఒకటే ప్రశ్న: "దొరికిన బంగారంలో వాటా ఇస్తారా?"

బంగారం కాదండీ, పెంకులు. కుండ పెంకులు!

ఈ పెట్టె మా అవ్వది. చిన్నప్పుడు దీని అడుక్కి చెయ్యి దూర్చి ఒక వెండి మువ్వ లాగాను. చీరలన్నీ చిందరవందర అయ్యాయి. అవ్వ తిట్టలేదు. "ఏ చీర మడతలో ఉందిరా?" అని మాత్రం అడిగింది. నాకేం తెలుసు! తన పెళ్లి పట్టుచీరలో ఉంటే అది వాళ్ల అమ్మది, మా అమ్మ ఓణీ మడతలో ఉంటే మా అమ్మది. బయటికి లాగేశాక అది తూకానికి తప్ప పనికిరాని వెండి ముక్క.

లంకెబిందెలంటూ రాత్రిపూట పాత నందుల కింద తవ్వేవాళ్లు చేసేదీ ఇదే. దొంగబుద్ధి కంటే ఆ తెలివితక్కువతనమే నాకు ఎక్కువ ఒళ్లు మండిస్తుంది.

అసలు తవ్వకం ఎలా ఉంటుందంటే, పెరట్లో జామచెట్టు పక్కన మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంట చాలు. తాపీతో పది సెంటీమీటర్ల మట్టి గీకుతారు, జల్లెడ పడతారు, దొరికినదంతా ఆ లోతు రాసిన సంచిలో వేస్తారు. ఆ తర్వాతే ఇంకో పది. అంటే పై చీర తీసి, చీటీ రాసి పెట్టి, అప్పుడు రెండో చీర ముట్టుకోవడం. గుంట గోడ చూస్తే పెట్టెకు ఒక పక్క గాజు బిగించినట్టే, మడతలన్నీ వరుసగా కనబడతాయి. పెట్టెలో ఎలుక దూరితే పై చీర పీలిక అడుగున తేలుతుంది కదా! నేలలో ఎలుక కన్నాలు, చెట్ల వేళ్లు అదే పని చేస్తాయి. అందుకే ఒక్క పెంకును చూసి ఎవరూ తీర్పు చెప్పరు.

తూర్పు ఇంగ్లండులో 50కి పైగా ఊళ్లలో, బడిపిల్లలతో సహా ఊరివాళ్లే 2000కు పైగా ఇలాంటి గుంటలు తవ్వారు. ఆ పెంకుల లెక్కను కెరెంజా లూయిస్ అనే పురావస్తు శాస్త్రవేత్త 2016లో బయటపెట్టారు. 14వ శతాబ్దపు ప్లేగు మహమ్మారి తర్వాతి పొరల్లో పెంకులు దాదాపు 45 శాతం తగ్గాయి. కుండలు తగ్గాయంటే వండుకు తినేవాళ్లు తగ్గారన్నమాట. ఏ రాజశాసనమూ చెప్పని మాట అది.

తిరుపతి దగ్గరున్న మన గుడిమల్లానికి వద్దాం. అక్కడి గుడిలోని ప్రాచీన శివలింగం సంగతి మీకు చెప్పనక్కరలేదు. గర్భగుడి నేల ముందు మండపం కంటే పల్లంలో ఎందుకుందో ఎప్పుడైనా అనుకున్నారా? 1973లో ఇంగువ కార్తికేయ శర్మ ఆధ్వర్యంలో అక్కడ తవ్వారు. పై మడత చోళుల నాటి రాతిగుడి. దాని కింద శాతవాహనుల కాలపు ఇటుక గుడి, ఒక్కో ఇటుక 42 సెంటీమీటర్ల పొడవు. అడుగు మడతలో లింగం చుట్టూ రాతి కంచె. అంటే స్వామి మొదట ఆరుబయటే ఉన్నాడు! కాలం లెక్కకు సాయపడినవి ఆ ఇటుకలూ, నలుపు-ఎరుపు పెంకులూ.

సమయం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం నేరం. నేలలో దాగిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. అవును, పదే! దున్నేటప్పుడు పెంకు తగిలితే కడగకండి, లోపలి మసి పోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, చోటూ లోతూ రాసిపెట్టండి. తమిళనాడులో కీళడి అనే ఊళ్లో జరిగిన తవ్వకాలను జనం దగ్గరికి వెళ్లి చూశారు, మన దగ్గరా ఆ మాత్రం చెయ్యవచ్చు.

మువ్వ సంగతా? మా ఇంట్లోనే ఉంది. ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.