పని అమ్మండి, హక్కు అద్దెకివ్వండి

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు "మీ విజయగాథ చెప్పండి మేడమ్" అన్నారు. అలా చెప్పుకోవాలంటే నాకు మొహమాటం. దాని బదులు మొదటి ఏడేళ్లు నేను చేసిన పొరపాటు గురించి చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నేను బొమ్మలు వేస్తాను. పుస్తకాలకి, అట్టపెట్టెలకి, యాప్‌లకి, ఎవరడిగితే వాళ్లకి. ఒకసారి ఒక కంపెనీకి నోటుబుక్ అట్ట మీదకి నక్క బొమ్మ వేసిచ్చాను. దాని తోక ఎంతకీ కుదరక ఒక రాత్రంతా కూర్చున్నాను. డబ్బులు టైముకే ఇచ్చారు, నేనూ సంతోషించాను. మూడేళ్ల తర్వాత అదే నక్క ఒక పిల్లాడి స్కూల్ బ్యాగు మీద కనిపించింది. ఆ తర్వాత నీళ్ల సీసా మీద, దుప్పటి మీద. ఒళ్లు మండిపోయి ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా, "అగ్రిమెంట్ మూడో పేజీ, తొమ్మిదో పాయింటు ఒకసారి చూడండి మేడమ్" అన్నాడు. తీసి చూశాను. ఈ బొమ్మ మీద సర్వహక్కులు, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా కంపెనీవే అని ఉంది. కింద నా సంతకం, గుండ్రంగా, ముచ్చటగా. వాళ్లేం దొంగతనం చేయలేదు. చదవకుండా నేనే రాసిచ్చేశాను.

ఆ రాత్రి నిద్రపట్టక ఒక లెక్క వేశాను. ఏడాదికి 52 వారాలు. రెండు వారాలు సెలవనుకుంటే 50. వారానికి 40 గంటల చొప్పున 2,000 గంటలు. అందులో మెయిల్స్‌కి జవాబులు, బిల్లులు, రావలసిన డబ్బు కోసం ఫోన్లు, "చిన్న మార్పే మేడమ్" అంటూ వచ్చే ఏడో మార్పు, కొత్త పని వెతుక్కోవడం, ఇవన్నీ తీసేస్తే, నా డైరీ ప్రకారం, డబ్బొచ్చే గంటలు 1,100 మిగిలాయి. రేటు రెట్టింపు చేసుకోవచ్చు. ధైర్యముంటే ఇంకోసారి కూడా చేసుకోవచ్చు. గంటలు మాత్రం పెరగవు. జ్వరమొస్తే తగ్గుతాయి. అంటే నేను వ్యాపారం చేస్తున్నాననుకుంటూ ఇన్నేళ్లూ కూలి చేశాను. కూలి చేయడం తప్పని కాదు. దాన్ని వ్యాపారమనుకోవడం తప్పు.

ఈ విషయంలో నాకంటే గట్టి దెబ్బ తిన్నవాళ్లున్నారు. 1938లో జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు తాము పుట్టించిన సూపర్‌మ్యాన్ పాత్ర మీద హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ 130ని ఇద్దరూ పంచుకున్నారు. తర్వాత దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ పాత్ర ఎంత సంపాదించిందో నేను చెప్పనక్కర్లేదు. వాళ్లకి తెలివి లేక కాదు, ఆ రోజుకి ఆ డబ్బు అవసరం. సంతకం పెట్టే రోజున మనందరికీ ఏదో ఒక అవసరం ఉంటుంది, గొడవంతా అక్కడే.

ఇప్పుడు నాకిష్టమైన మనిషి సంగతి. బియాట్రిక్స్ పాటర్. పిల్లల పుస్తకాల్లో నీలం కోటు వేసుకున్న కుందేలుని సృష్టించిన ఆవిడ. 1893లో జబ్బుపడ్డ ఒక పిల్లాడికి ఆ కుందేలు కథని బొమ్మలతో ఉత్తరంగా రాసింది. కొన్నేళ్లకి దాన్ని పుస్తకం చేద్దామనుకుంటే ప్రచురణకర్తలు వద్దన్నారు. సరే పొమ్మని 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించింది. అవి చేతులు మారాక, అంతకుముందు కాదన్నవాళ్లలో ఒకరు 1902లో రంగుల్లో అచ్చు వేశారు. ఇక్కడి దాకా చాలామంది చెబుతారు. నాకు నచ్చేది ఆ తర్వాత. 1903లో ఆవిడ తనే ఆ కుందేలు బొమ్మని గుడ్డతో కుట్టి, దానికి పేటెంట్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించింది. తర్వాత దాని చుట్టూ బోర్డు గేమ్, గోడ కాగితాలు, టీ సెట్లు వచ్చాయి. ఒక్కొక్కదాని నమూనా తనే చూసి, బాగోలేకపోతే వెనక్కి పంపేది. ఒకే బొమ్మ, అది వేసిన కష్టం ఒకసారే, రాబడి మాత్రం పది దారుల్లో.

అంత జాగ్రత్తపరురాలికీ దెబ్బ తగిలింది. ప్రచురణకర్తలు అమెరికాలో ఆ పుస్తకానికి కాపీరైట్ రిజిస్టర్ చేయించడం మరిచారు. అక్కడ దొంగ ప్రతులు యథేచ్ఛగా అమ్ముడయ్యాయి, ఆవిడకి పైసా రాలేదు. అందుకే కాబోలు బొమ్మల విషయంలో అంత పట్టుదలగా ఉండేది. వచ్చిన డబ్బుని ఏం చేసిందంటే, 1905 నుంచి ఒక్కో పొలమూ కొంటూ పోయింది. 1943లో చనిపోయే నాటికి 4,000 ఎకరాలకు పైగా భూమిని, పల్లెల్నీ పాత కట్టడాల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే బ్రిటన్ సంస్థకి రాసిచ్చింది. గొర్రెల పెంపకంలో కూడా పేరు తెచ్చుకుంది. చివరి రోజుల్లో పుస్తకాల కంటే గొర్రెల మీదే ఆవిడకి మక్కువ ఎక్కువ. ఆ మాట ఎందుకు చెప్పానో తర్వాత తెలుస్తుంది.

హక్కులంటే లాయర్ల వ్యవహారమని భయపడకండి. కాపీరైట్ గురించి దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్నచోట్ల మీ బొమ్మ, పాట, రాత పుట్టిన క్షణంలోనే మీది అవుతుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే. మీ జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్లు రక్షణ. చాలా దేశాల్లో అంతకన్నా ఎక్కువే. ఉద్యోగంలో ఉండి డ్యూటీలో భాగంగా చేసినది మాత్రం మామూలుగా యజమానికే చెందుతుంది. మీరు విడిగా పని చేస్తే మామూలుగా మీదే, మీరు సంతకం పెట్టి వదులుకుంటే తప్ప. కానీ భారత చట్టంలో, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, తీయించుకున్న ఫోటో లాంటివి, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, వేయించుకున్నవాళ్లవే అవుతాయి.

అందుకని నేనిప్పుడు బొమ్మ అమ్మను, అద్దెకిస్తాను. దేనిమీద వాడతారు, ఎన్నేళ్లు, ఏయే దేశాల్లో, మీకొక్కరికేనా ఇంకెవరికైనా ఇవ్వొచ్చా అని అడుగుతాను. నోటుబుక్ అట్టకి రెండేళ్లు అంటే ఒక రేటు. బ్యాగులు, సీసాలు కలిపితే ఇంకో రేటు. సర్వహక్కులు శాశ్వతంగా కావాలంటే ఇస్తాను, ఇల్లు అమ్మినట్టే, రేటు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. విచిత్రమేంటంటే, ఆ రేటు వినగానే పదిమందిలో ఎనిమిది మంది "అబ్బే, మాకు రెండేళ్లు చాలు" అంటారు. అంటే ఇన్నాళ్లూ వాళ్లకి అవసరం లేని హక్కుల్ని నేను ఊరికే పంచిపెట్టానన్నమాట!

"డబ్బులివ్వలేం కానీ మంచి ఎక్స్‌పోజర్ వస్తుంది" అనేవాళ్ల గురించి ఒక్క ముక్కే. ఎక్స్‌పోజర్‌తో కరెంటు బిల్లు కట్టించుకునే ఆఫీసు దొరికితే నాకూ చెప్పండి.

ఇక డబ్బు సంగతి. మన రాబడి వానలాంటిది, ఒక నెల వరద, మూడు నెలలు ఎండ. వరదొచ్చిన నెలలో ఖర్చు పెంచేసుకుంటే మునుగుతాం. నేను చేసింది చాలా సాదా పని. వచ్చిన ప్రతి పైసా ముందు ఒక ఖాతాలోకి వెళ్తుంది. అందులోంచి పన్ను వాటా అప్పటికప్పుడే వేరే ఖాతాకి. మిగిలినదాంట్లోంచి ఒకటో తారీఖున నాకు నేను జీతం ఇచ్చుకుంటాను, ఎంతొచ్చినా అంతే. ఆరు నెలల జీతం పోగయ్యేదాకా కొత్త కంప్యూటర్ కొనలేదు. ఆ ఆరు నెలలు పోగయ్యాక నాలో వచ్చిన మార్పు ఏంటంటే, ఫోన్‌లో "కుదరదండీ" అని చెప్పేటప్పుడు గొంతు వణకడం మానేసింది. బేరమాడటం మీద ఎన్ని క్లాసులు విన్నా రానిది దానితో వచ్చింది.

సంపాదించాక పోగొట్టుకునే దారి కూడా ఒకటుంది. రచయిత మార్క్ ట్వెయిన్ తన రాతలతో బోలెడు గడించాడు. ఆ డబ్బుని అచ్చు అక్షరాలు పేర్చే ఒక యంత్రం మీద ఏళ్ల తరబడి కుమ్మరించాడు. అది సరిగ్గా పని చేయలేదు. ఆయన పెట్టిన ప్రచురణ సంస్థ కూడా 1894లో దివాలా తీసింది. చివరికి 1895లో బయల్దేరి, దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చి, తర్వాత కొన్నేళ్లకి అప్పులు తీర్చుకున్నాడు. అంటే మళ్లీ తన మాటే ఆయన్ని గట్టెక్కించింది. నా మిగులు డబ్బుని నాకు అర్థమయ్యే సాదాసీదా పొదుపుల్లోనే పెడతాను. స్నేహితుల యాప్‌లలో పెట్టను. వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, ఏమీ అనుకోరు.

నచ్చిన పనే చేయండి, డబ్బు దానంతటదే వస్తుంది అని చాలామంది చెబుతారు. నాకా మాట నమ్మబుద్ధి కాదు. నచ్చిన పనిని క్లయింట్ చేతికిచ్చి ఐదేళ్లు రుద్దించుకుంటే, ఆ ఇష్టం మాసిపోవడం నేను స్వయంగా చూశాను. ఒక దశలో పెన్సిల్ పట్టుకోవాలంటేనే టెన్షన్ వచ్చేది. పాటర్ గొర్రెల సంగతి అందుకే చెప్పాను. ఆవిడ కుందేళ్లు డబ్బు తెచ్చాయి, ఆ డబ్బు ఆవిడకి కుందేళ్ల నుంచి సెలవిచ్చింది.

ఏడాదికి ఎంత వస్తే చాలో నేనొక అంకె రాసుకున్నాను. అది దాటిన ఏడాది కొత్త పని ఒప్పుకోవడం తగ్గిస్తాను. శుక్రవారాలు ఎవరికీ ఇవ్వను. ఆ రోజు ఎవరూ అడగని బొమ్మలు వేస్తాను. వాటిలో చాలావరకు చెత్తబుట్టలోకే వెళ్తాయి. కానీ ఇవాళ నాకు అద్దె తెచ్చిపెడుతున్న బొమ్మల్లో సగానికి పైగా ఏదో ఒక శుక్రవారం పుట్టినవే.

మొన్న అదే కంపెనీ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు, నక్కకి జోడీ కావాలట. అగ్రిమెంట్ పంపించారు. తొమ్మిదో పాయింటు అలాగే ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన "రెండేళ్లు, నోటుబుక్ అట్ట మాత్రమే" అని రాసి తిప్పి పంపాను. ఇంకా జవాబు రాలేదు. ప్రశ్నలుంటే అడగండి, మైకు అటువైపు ఇస్తున్నాను.