టైల్స్ వేయకముందే గేజీ పెట్టండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకుంటే ఇచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. 'షవర్ ఎంచుకోవడం ఎలా' అని అసోసియేషన్ వారు అంశం ఇచ్చారు. ముందు అదే చెబుతాను.

నీటికి 10 మీటర్ల ఎత్తుంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తులో షవర్‌కీ ట్యాంకు నీటికీ మధ్య ఎత్తు 3 మీటర్లే ఉంటే వచ్చేది 0.3 బార్. అక్కడ వెడల్పాటి రెయిన్ షవర్ పెడితే ధార సన్నగా జారుతుంది. చాలక ప్రెజర్ పంపు పెడతారు. కొన్నాళ్లకు కింది ఇంటి సీలింగుకు చెమ్మ! తప్పు పంపుది కాదండీ. 0.3 బార్‌కి ఓర్చుకున్న అతుకు 2 బార్‌కి కారింది. ఆ అతుకు మొదటి నుంచీ సరిగా లేదు.

షవర్ ఎంపిక ఇక్కడికి చాలు. ఆ అతుకు గురించి చెప్పనివ్వండి.

షవర్ ఆర్మ్, అంటే షవర్ తగిలించే గొట్టం, బిగించే అర అంగుళం ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, గోడలో ఉంటుంది. లోపల ఇత్తడి మరలున్న సీపీవీసీ (వేడినీళ్లకు ఓర్చే ప్లాస్టిక్) ఎల్బోనే అడిగి తీసుకోండి. ఉత్త ప్లాస్టిక్ మరలైతే, లోహపు ఆర్మ్ గట్టిగా బిగించేసరికి సన్నగా నెర్రె విచ్చుతుంది. ఆ రోజు కారదు, టైల్స్ అంటించాక కారుతుంది. టెఫ్లాన్ టేపును మర కొన మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో 10, 12 చుట్లు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి ముద్దవుతుంది. ఆర్మ్ వంకరగా ఉందని వెనక్కి తిప్పితే సీలు పోయినట్టే. విప్పి, పాత టేపు తీసేసి, కొత్తది చుట్టాలి.

వెనక వరుసలో ప్లంబర్ తమ్ముళ్లున్నారు. తమ్ముడూ, నువ్వే చెప్పు, వెనక్కి తిప్పాక మళ్లీ విప్పే తీరిక నీకు ఎవరిస్తున్నారు? టైల్స్ మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉంటాడు, ఓనర్ ఫోన్ చేస్తూ ఉంటాడు. అమ్మా, అయ్యా, ఆ ఒక్క రోజు తొందరపెట్టకండి.

సీపీవీసీ అతుకులను ఒక రోజు ఆరనివ్వండి. గీజర్, షవర్ పాయింట్లకు ఎండ్ ప్లగ్గులు బిగించి, పైపుల్లో గాలి పోయేలా నీళ్లు నింపి, ఒత్తిడి చూపించే గేజీ ఉన్న చేతి పంపుతో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ప్రెజర్ ఎక్కించి రెండు గంటలు ఉంచండి. గేజీ ముల్లు దిగకూడదు. నీటిని కుళాయికో షవర్‌కో మళ్లించే డైవర్టర్‌ను షవర్ వైపు తెరిచే ఉంచాలి. మూసి ఉంటే షవర్‌కెళ్లే పైపుకు అసలు పరీక్షే జరగదు. ఎక్కువ మంది మరిచిపోయేది ఇదే, ఎక్కువగా కారేదీ అక్కడే. షవర్ వాడిన రోజే చెమ్మ పెరిగి, వాడని రోజు తగ్గుతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ పైపునూ నేలనూ.

ఇక నేల. టైల్స్ సందుల్లో నింపే సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది, దాన్ని నమ్ముకోకండి. వాటర్ ప్రూఫింగ్ పూత నేలంతా, గోడలకు అడుగు ఎత్తు, షవర్ గోడకు ఆరడుగులు ఎక్కాలి. నేల మీది నీళ్లు బయటికి పోయే ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలపండి. నీటి అంచున పెన్సిల్ గీత గీయండి. పక్కనే ఒక బకెట్లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. బకెట్లో తగ్గిందానికన్నా నేల మీద ఎక్కువ తగ్గితే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. కింది ఇంటివారి తలుపు తట్టి సీలింగ్ కూడా చూసి రండి. తర్వాత టైల్స్‌ను ట్రాప్ వైపు మీటరుకు 10 మిల్లీమీటర్ల వాటంతో వేయించండి.

అన్నట్టు, గోడ మూసేముందు పైపుల పక్కన టేపు కొలత పట్టి ఫోటోలు తీసుకోండి. రేపు టవల్ రాడ్ బిగించేవాడు డ్రిల్ పెట్టేముందు అవి చూపించాలి.