చెక్ ట్రే చూసే కన్ను ఎవరిది?

అందరికీ నమస్కారం. చాలామంది చెరువు గట్ల మీద నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, ప్యాంటు అంచుల బురద ఇంకా ఆరలేదు. అందుకే చట్టం సెక్షన్లతో విసిగించను. ఒక్కటి మాత్రం తప్పదు.

మొన్న ఆకివీడు వైపు నుంచి ఒక కుర్రాడు మా ఆఫీసుకి వచ్చాడు. రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్. రాజీనామా చేసి వేరే కంపెనీలో చేరిన పదో రోజున పాత కంపెనీ లాయర్ నోటీసు పంపించాడు. మానేశాక రెండేళ్లు గోదావరి జిల్లాల్లో ఏ మేత కంపెనీలోనూ, రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే హేచరీలోనూ చేయకూడదని చేరేటప్పుడు సంతకం పెట్టాడట. "నాకు రొయ్య తప్ప ఇంకో పని రాదండీ. రెండేళ్లు ఏం తినాలి?" అన్నాడు. పక్కన వాళ్లమ్మ ఆ నోటీసును మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ కూర్చుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం, 27వ సెక్షన్. ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. 1874లోనే కలకత్తాలో దీనిమీద తగువు నడిచింది. మన అజ్జరం వాళ్లలా ఇత్తడి సామాను వ్యాపారులు ఇద్దరు, ఒకే పేటలో. నీ కొట్టు మూసేయ్, పనివాళ్లకి నువ్విచ్చిన అడ్వాన్సు నేను కడతానన్నాడు ఒకాయన. రెండో ఆయన మూశాడు, మొదటాయన కట్టలేదు. కోర్టుకెళ్లినా పైసా రాలేదు, ఒప్పందమే చెల్లదు గనక. ఒక్క పేట వరకే పెట్టిన అడ్డయినా అడ్డే. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులోనూ సుప్రీంకోర్టు, ఒప్పందం గడువు తీరాక కూడా వెంటాడే ఆంక్ష చెల్లదనే చెప్పింది.

గడువు లోపల అయితే వేరే కథ. రేయాన్ కంపెనీలో ఐదేళ్లకు ఒప్పుకుని, శిక్షణ తీసుకుని, మధ్యలో పోటీ కంపెనీకి వెళ్లిన గోలికారి అనే ఉద్యోగిని మిగిలిన కాలం అక్కడ చేయకుండా ఆపడం సబబేనని సుప్రీంకోర్టు 1967లో అంది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు బాండును 2025లో సమర్థించింది కూడా. మీ కాగితాల్లో బాండు ఉందేమో ఇంటికెళ్లి చూసుకోండి.

మా వాడికి బాండు లేదు. అయినా అడిగాను, "వచ్చేటప్పుడు ఏమైనా తెచ్చుకున్నావా?" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి చూపించాడు. ఏ డీలర్‌కి ఎంత డిస్కౌంట్, ఏ రైతు ఎంత బాకీ, అంతా ఒక ఎక్సెల్ షీటు. ఆఖరి రోజు రాత్రి 11 దాటాక తన సొంత మెయిల్‌కి పంపుకున్నాడు.

రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూసి, రొయ్య పేగు నిండిందో లేదో చూసి, రేపటి మేత తగ్గించమని చెప్పడం అతని విద్య. దాన్ని ఏ కంపెనీ లాక్కోలేదు. రైతుల పేర్లు, ఊళ్లు గుర్తుండటం కూడా అంతేనని నా ఉద్దేశం. ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు వ్యాపార రహస్యం కాదని 2006లో ఢిల్లీ హైకోర్టు ఒక బ్యాంకు కేసులో అంది. అదే కోర్టు 1995లో, మానేసిన ఉద్యోగి కంపెనీ కస్టమర్ల జాబితాను కాపీ చేసి వాడుకుంటుంటే, అది కాపీరైట్ ఉన్న రచన అని ఆపింది. తలలో ఉన్నదానికీ, ఫోన్లో ఉన్నదానికీ అంత తేడా. మనకి వ్యాపార రహస్యాలకంటూ విడిగా చట్టం లేదు కాబట్టి ఇలాంటి తీర్పులే ఆధారం.

"ఇప్పుడే డిలీట్ చేసేస్తా" అన్నాడు. వద్దన్నాను. పంపిన మెయిల్ జాడ కంపెనీ సర్వర్లో ఉంటుంది, ఇప్పుడు చెరిపితే దొంగతనం దాచినట్టు కనిపిస్తుంది. వాడలేదు, ఎవరికీ ఇవ్వలేదు, మీ ఎదుటే తీసేస్తానని జవాబు రాశాం. కంపెనీ మాకు తెలియకుండా స్టే తెచ్చుకోకుండా, ముందు మా మాట వినమని కోర్టులో కేవియట్ వేశాం. అది 90 రోజులు పనిచేస్తుంది.

చేరేటప్పుడు కంపెనీకి సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎంతమంది ఇచ్చారు? చేతులెత్తండి. అబ్బో! ఆ చెక్కు బౌన్సయిందని నోటీసు వస్తే డబ్బు కట్టడానికి మీకుండేది 15 రోజులే, ఆ తర్వాత క్రిమినల్ కేసు పెట్టొచ్చు. ఆ నోటీసు మడతపెట్టి బీరువాలో పెట్టకండి, అందిన రోజే పట్టుకుని రండి.