మాత్ర వేసుకుంటే కణాలకి కొలెస్ట్రాల్ కరువొస్తుందా?

నమస్తే అండీ. ఆ మధ్య మా పెద్దమ్మకి లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకు తిరిగే రేణువులు, ఎక్కువగా వచ్చింది. డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ రాశారు. ఆవిడ ఆ మాత్రల షీటు చేత్తో పట్టుకుని నన్ను అడిగింది: "ఏమ్మా, ఈ మాత్ర ఒంట్లో కొలెస్ట్రాల్ తయారవకుండా ఆపుతుందంట. ప్రతి కణానికీ కొలెస్ట్రాల్ కావాలని నువ్వే కదా చెప్పావు? మరి తయారీ ఆపేస్తే కణాల గతేంటి?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి. ఈ వీడియో అంతా దానికి జవాబే.

ముందు కొలెస్ట్రాల్ ఎందుకు కావాలో చూద్దాం. కణం చుట్టూ ఉండే పొర అంటే రెండు వరసల కొవ్వు అణువులు. మందం 5 నానోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా తీయండి, గడ్డకట్టి ఉంటుంది. పక్కనే నువ్వులనూనె మాత్రం ఎప్పటిలాగే జారుతుంది. రెండూ కొవ్వులే. కొవ్వు అణువులకి తోకల్లా పొడవాటి గొలుసులుంటాయి. తిన్నగా ఉన్న గొలుసులు దగ్గరగా సర్దుకుని గట్టిపడతాయి, వంకర ఉన్నవి అలా సర్దుకోలేవు. కణం పొర ఈ రెండిటికీ మధ్యస్థంగా ఉండాలి. కొలెస్ట్రాల్ ఆ అణువుల మధ్య దూరి, పొరని మరీ గట్టిపడనివ్వదు, మరీ పల్చబడనివ్వదు. అందుకే ఎంత ఉందో కణం ఎప్పటికప్పుడు లెక్క చూసుకుంటూ ఉండాలి.

ఎక్కడ చూసుకుంటుంది? నాకు అన్నిటికన్నా ముచ్చటేసే సంగతి ఇదే. కణంలోని కొలెస్ట్రాల్‌లో సగానికి పైగా బయటి పొరలోనే ఉంటుంది. లెక్క చూసేది మాత్రం అక్కడ కాదు. లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని, ఈఆర్ అంటాం, ఆ పొరల అల్లికలో. మొత్తం కొలెస్ట్రాల్‌లో అక్కడుండేది చాలా తక్కువ. అంత కొంచెం ఉన్నచోట లెక్కేంటి అనిపిస్తుంది కదా? బియ్యం డబ్బా నిండుగా ఉన్నప్పుడు గుప్పెడు తీస్తే తేడా కనబడదు. అడుగుకి వచ్చాక అదే గుప్పెడు తీసి చూడండి, ఇట్టే తెలిసిపోతుంది.

ఈఆర్ పొరలో స్కాప్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పొరలోని కొవ్వుల్లో కొలెస్ట్రాల్ వాటా సుమారు 5 శాతం దాటి ఉన్నంతసేపూ, ఇన్సిగ్ అనే మరో ప్రోటీన్ స్కాప్‌ని అక్కడే పట్టి ఉంచుతుంది. వాటా 5 కన్నా తగ్గిందా, పట్టు వదిలేస్తుంది. స్కాప్ తన జతని వెంటబెట్టుకుని, కణంలోనే ఉండే గాల్జీ అనే మరో పొరల అరకి వెళ్తుంది. అక్కడ రెండు ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి ఎస్‌ఆర్‌ఈబీపీ-2ని కోస్తాయి. తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి ఒకేసారి రెండు పనులు పురమాయిస్తుంది: ఇంట్లో వండండి, బయటినుంచీ తెప్పించండి. వండేది హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ లాంటి ఎంజైములు. తెప్పించేది, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాగే రిసెప్టర్లు.

ఈ రెండో దారిని కనిపెట్టింది అమెరికాలో, డాలస్‌లో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండి, చిన్నతనంలోనే గుండెపోటు వచ్చే పిల్లల జబ్బు మీద వాళ్లు పనిచేశారు. 1970లలో ఆ రోగుల చర్మకణాలనీ, మామూలువాళ్ల చర్మకణాలనీ గిన్నెల్లో పెంచారు. ఎల్‌డీఎల్ పోయగానే మామూలు కణాల్లో రిడక్టేజ్ పని తగ్గిపోయింది. రోగుల కణాల్లో ఎంత పోసినా తగ్గలేదు. మరి రిడక్టేజే పాడైందా? తేల్చుకోవడానికి శుద్ధమైన కొలెస్ట్రాల్‌ని ఆల్కహాల్‌లో కరిగించి పోశారు. ఈసారి రోగుల కణాలూ వెంటనే తయారీ ఆపేశాయి! అంటే లెక్క చూసే ఏర్పాటు బాగానే ఉంది. లోపం గుమ్మంలో ఉంది. ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్ పనిచేయడం లేదు. గిన్నెలో ఒక్క మార్పుతో జబ్బు ఎక్కడుందో చూపించిన ఈ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు పెద్దమ్మ మాత్రకి వద్దాం. అటోర్వాస్టాటిన్ స్టాటిన్లు అనే మందుల్లో ఒకటి. స్టాటిన్ల మొదటి మందుని జపాన్‌లో అకీరా ఎండో బృందం వేల రకాల బూజుల్ని వెతికి, పెనిసిలియం సిట్రినం అనే బూజులో కనిపెట్టింది. ఇవి రిడక్టేజ్‌ని అడ్డుకుంటాయి. కాలేయ కణంలో వంట తగ్గుతుంది, ఈఆర్‌లో కొలెస్ట్రాల్ పడిపోతుంది, స్కాప్ బయల్దేరుతుంది. వంటని మందు అడ్డుకుంటోంది కాబట్టి, కణం గుమ్మంలో ఇంకా ఇంకా రిసెప్టర్లు నిలబెడుతుంది. అవి రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లోపలికి లాగేసుకుంటాయి. అంటే పెద్దమ్మా, నీ కణాలు పస్తుండవు. రక్తంలో ఎక్కువై తిరుగుతున్నదాన్నే తెచ్చుకుని వాడుకుంటాయి. రిపోర్టులో నంబరు తగ్గేది ప్రధానంగా అందుకే. కాబట్టి మాత్ర నీ అంతట నువ్వు మానేయకు. ఒళ్లు నొప్పులేమైనా ఉంటే డాక్టరుగారికే చెప్పు.

లోపలికి వచ్చిన కొలెస్ట్రాల్ ఈఆర్ దాకా చేరడం ఇంకో కథ. ఎల్‌డీఎల్ మొదట లైసోజోమ్‌కి, అంటే కణంలో వచ్చినవాటిని అరిగించే సంచికి, వెళ్లి విడిపోతుంది. అక్కడ ఎన్‌పీసీ2 అనే ప్రోటీన్ కొలెస్ట్రాల్‌ని అందుకుని ఎన్‌పీసీ1 అనే ఇంకో ప్రోటీన్‌కి అందిస్తుంది, ఎన్‌పీసీ1 దాన్ని బయటికి పంపుతుంది. అక్కణ్నుంచి చాలావరకు ముందు బయటి పొరకి చేరుతుంది. అక్కడ నిండాక మిగిలినదాన్ని, రెండు పొరలూ దగ్గరగా వచ్చే చోట్ల, యాస్టర్ ప్రోటీన్లు ఈఆర్‌కి చేరవేస్తాయి. బయటి పొర అవసరం తీరాకే ఈఆర్‌కి వాటా అందుతుంది. అందుకే ఆ చిన్న చోట తీసిన లెక్క కణమంతటికీ సరిపోతుంది.

ఎన్‌పీసీ1 పాడైతే? అది నీమన్-పిక్ సి అనే అరుదైన జబ్బు, ఎక్కువగా పిల్లల్లో బయటపడుతుంది. లైసోజోముల నిండా కొలెస్ట్రాల్ పేరుకుపోయి ఉంటుంది. ఈఆర్‌కి మాత్రం ఏమీ అందదు కాబట్టి, కరువొచ్చిందనుకుని కణం ఇంకా తయారుచేస్తూనే, ఇంకా లాగుతూనే ఉంటుంది. మెదడు కణాలు మెల్లగా దెబ్బతింటాయి, నడక తడబడుతుంది, మాట తడబడుతుంది. అమెరికాలో 2024 సెప్టెంబరులో ఈ జబ్బుకి రెండు మందులు ఆమోదం పొందాయి. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన తల్లిదండ్రులకి అది పెద్ద ఊరట. కానీ పాడైన ఎన్‌పీసీ1 స్థానంలో మంచిదాన్ని పెట్టే చికిత్స మాత్రం ఇంకా రావాల్సే ఉంది.